ఒక జీపూ, కొన్ని పాఠాంతరాలూ



శీర్షిక చూసి ఏ కావ్యచర్చో అనుకొని వచ్చినవారు మన్నించాలి. ఈసారి విషయం ఒక పాత జీపు. సూర్యాపేటలో మా ఇంటి వెనుక రేకుల కొట్టంలో దాన్ని బాగుచేయడానికి పూనుకొని రెండేళ్లు దాటింది. ముప్పై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పినవాడికి ఇనుముతో ఏం పని అని మా ఇంట్లోనే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కాని ఆ బండి ముందు కూర్చున్నప్పుడు నాకు కలిగిన సందేహాలన్నీ తాళపత్ర ప్రతుల ముందు కూర్చున్న పరిష్కర్తకు కలిగేవే. ఏది మూలం? ఏది ప్రక్షిప్తం? తుడిచివేయదగినదేది, తాకరానిదేది? వీటి మీద నాకొక అభిప్రాయం స్థిరపడింది. అది మా మేస్త్రికి నచ్చలేదు, మా అన్నయ్య కొడుక్కి నచ్చలేదు, చట్టానికి అసలే సరిపడదు. కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

బండి 1968 నాటి మహీంద్రా సీజే-3బీ. దాని వంశచరిత్ర కొంత చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు సంస్థలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం ముగిశాక విల్లీస్ వారు అదే బండిని రైతులకూ గృహస్థులకూ అమ్మజూపారు. మన దేశంలో 1947 నుంచి మహీంద్రా వారు బొంబాయిలో ఆ జీపులను కూర్చడం మొదలుపెట్టారు. 1953లో విల్లీస్ వారు తెచ్చిన నమూనా ఈ 3బీ. దీన్ని గుర్తుపట్టడం సులువు, బానెట్టు ఎత్తుగా ఉంటుంది. అందం కోసం కాదు. కొత్తగా పెట్టిన హరికేన్ పెట్రోలు ఇంజనులో గాలి లోపలికి పీల్చే వాల్వులు పైన హెడ్డులోనూ, పొగ వదిలేవి కింద బ్లాకులోనూ ఉంటాయి. ఆ అమరికతో ఇంజను ఎత్తు పెరిగింది. ఇంజను పెరిగితే దాని మీది మూత పెరగక తప్పదు కదా! అమెరికాలో ఈ నమూనా 1968తో ఆగిపోయింది. ఇక్కడ మాత్రం దశాబ్దాలపాటు తయారవుతూనే వచ్చింది. మూలభాషలో మరుగునపడిన గ్రంథం అనువాదంలో బతికిపోయినట్టు.

మా బండి మొదట సర్కారుది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత ఎడమ కాలువ కింద పిల్లకాలువల పనులు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి సాగాయి. ఆ మట్టికట్టల మీద తిరిగిన జీపుల్లో ఇదొకటి. 1982లో వేలంపాటలో మా అన్నయ్య కొన్నాడు. మిర్యాలగూడలో ఆయనకు విత్తనాల దుకాణం. ఊళ్లలోకి వరి విత్తనాల బస్తాలు, ఎరువులు, అప్పుడప్పుడు కానుపు నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, పెళ్లివారు, ఎన్నికల సమయంలో ఏదో ఒక పార్టీవారు, అందరూ ఆ బండే ఎక్కారు. పెట్రోలు ఖర్చుకు తాళలేక 1989లో విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోయి ప్యూజో డీజిల్ ఇంజను వేయించి, ఆ మార్పును రిజిస్ట్రేషను పుస్తకంలో రాయించాడు. అట్లా 2004 దాకా తిరిగింది. తరువాత వేపచెట్టు కింద నిలిచిపోయింది. 2020లో అన్నయ్య పోయాడు.

ఇల్లు సర్దుతున్నప్పుడు పాత ఇనుము బేరగాడు వచ్చి తూకానికి అడిగాడు. వదిన నాకు ఫోను చేసి, "నువ్వేం జేస్తవో జెయ్యి. ఆయన బండిని మాత్రం నా కండ్ల ముందట గొడ్డలితోని నరకనియ్య" అన్నది. మరునాడు లారీ మాట్లాడుకొని సూర్యాపేటకు తెచ్చుకున్నాను.

ఇక నా అపరాధం చెప్పుకోవాలి. బండి వచ్చిన మొదటి వారం, ఉత్సాహం తప్ప జ్ఞానం లేని రోజులు. తీగల బ్రష్షు, గరుకు కాగితం తెచ్చి కుడివైపు పక్కరేకు మీద తుప్పు గీకడం మొదలుపెట్టాను. పైన పచ్చరంగు, దాని కింద పసుపు, దాని కింద బూడిదరంగు. బూడిదరంగు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు కనబడ్డాయి. చేయి ఊపులో ఉన్నది, ఆగలేదు. ఆగేసరికి వాటి స్థానంలో మెరిసే ఇనుము మిగిలింది. అవి ఏ డివిజనువో, ఏ సెక్షనువో, ఆ బండి కాలువ మీద ఏ మైలు నుంచి ఏ మైలు దాకా తిరిగిందో చెప్పగల ఏకైక శాసనాన్ని నా చేతులతో నేనే చెరిపాను. విద్యార్థి పుస్తకం చింపితే తొడపాశం పెట్టిన చేతులవి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ తర్వాతనే ఒక పద్ధతి నేర్చుకున్నాను. ఎక్కడైనా రంగు గీకేముందు రూపాయి బిళ్లంత జాగాలో, నీళ్లు చల్లుతూ, సన్నని కాగితంతో మెల్లగా రుద్దాలి. పొరలన్నీ చెట్టు కాండంలోని వలయాల్లాగా ఒకదాని చుట్టూ ఒకటి బయటపడతాయి. వాటిని ఫొటో తీసుకొని, పుస్తకంలో రాసుకొని, అప్పుడు ముందుకు పోవాలి. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి ఒక్కో కావ్యానికి ప్రతులన్నీ తెప్పించి పోల్చి చూపించాడే, ఆ ఓపిక కావాలి. ఒక ప్రతి దొరకగానే అచ్చుకు పంపేవాడు పరిష్కర్త కాడు.

విప్పడం మొదలుపెట్టాక ప్రతి నట్టునూ ప్రతి బోల్టునూ దాని చోటు రాసిన గుడ్డ సంచిలో వేశాను. బిగుసుకుపోయినవాటికి గ్యాసునూనె, డీజిలు కలిపి పూసి మూడు రోజులు ఆగడం, అప్పటికీ రాకపోతే మంట చూపించడం. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో పురావస్తుశాఖవారు రాళ్లకు అంకెలు వేసి విప్పారు. తిరిగి నిలబెట్టి 2024 శివరాత్రినాడు తెరిచారు. ఇన్నేళ్లా అని విసుక్కున్నవారిలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. విప్పడం నెలరోజుల పని, విప్పినదాన్ని విప్పినట్టే కూర్చడం తపస్సు.

ఈ పనిలో నాకు గురువులైనవారి భాష గురించి కూడా ఒక మాట. లీఫ్ స్ప్రింగులను వాళ్లు కమాను కట్టలంటారు. కమాను పారసీకంలో విల్లు. వంగిన ఉక్కుపట్టీకి అంతకన్న చక్కని పేరు ఏ పారిభాషిక పదకోశ సంఘమూ ఇవ్వలేదు. సొట్టలు పూడ్చేది లప్పం. నట్టు తిప్పేది పానా. ఇంజను లోపలి గోడ అరిగితే బోరు పని. ఈ మాటలన్నీ రాసిపెట్టుకుంటున్నాను, వేరే టపాకు పనికొస్తాయి.

మిర్యాలగూడ బియ్యం మిల్లులకు ప్రసిద్ధి అని అందరికీ తెలుసు. మిల్లులున్నచోట మంచి లేతు పనివారుంటారన్నది జీపు పుణ్యమా అని నాకు తెలిసింది. షాపుల్లో ఎక్కడా దొరకని ఒక బుష్షును, అరిగిపోయిన పాతదాన్ని చూసి, ఒక పూటలో తిప్పి ఇచ్చాడు ఒకాయన. పైకప్పు గుడ్డ కోదాడలో కుట్టించాను. జాతీయరహదారి మీది లారీలకు పరదాలు కుట్టే చేతులు. సూది దారం పట్టుకొని గుడ్డను చూసే చూపులోనే వాళ్ల నైపుణ్యం తెలుస్తుంది.

ఇప్పుడు వివాదంలోకి వస్తాను.

మొదటి వివాదం మేస్త్రితో. నేల రేకు పెడల్సు దగ్గర పూర్తిగా తినేసింది. కాలువ బురద అక్కడే నిలుస్తుంది. "సారూ, గీ డబ్బా మొత్తం తీసి పారేద్దాం. పంజాబు దిక్కు నుంచి కొత్త బాడీ తెప్పిస్తే పదిరోజుల్ల పని ఖతం. మీరు పెండ్లిపిల్లగాని లెక్క తిరగొచ్చు" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పాత జీపులకు కొత్త బాడీలు చేసి అమ్మే ఊళ్లు ఉత్తరాదిన ఉన్నాయి. హరియాణాలోని మండీ డబ్వాలీ అందుకు పేరుమోసింది. కాని బాడీ కొత్తది, ఇంజను మరెక్కడిదో, చక్రాలు కొత్తవి అయితే మిగిలేదేమిటి? నంబరు పలక ఒక్కటే. అది జీర్ణోద్ధరణ కాదు, పాత పేరుతో కొత్త బండి కొనుక్కోవడం. చెడిన మేరకే కోసి, ఆ మేరకే కొత్త రేకు అతికించమన్నాను. అతుకు కింద నుంచి చూస్తే కనబడుతుంది. కనబడనీ. మరమ్మతు చేశామన్న సంగతి దాచవలసిన అవసరం నాకు తోచలేదు.

ఒక్క విషయంలో మాత్రం నా వాదాన్ని నేనే పక్కన పెట్టాను. బ్రేకులు. డ్రమ్ముల లోపలి సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, లైనింగులు, పైపులు అన్నీ కొత్తవే. ప్రాచీనత మీద ప్రేమతో ఎదురుగా వచ్చే పిల్లవాడి ప్రాణం పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లో ఇటువంటి పని పెట్టుకునేవారికి ఇంకొక హెచ్చరిక. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ ధూళిని గాలి కొట్టి ఊదవద్దు. ముక్కుకు మంచి మాస్కు కట్టుకొని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారేయండి.

రెండో వివాదం మిర్యాలగూడలోని మా చుట్టాల కుర్రవాళ్లతో. ట్రాక్టరు చక్రాలంతటి టైర్లు, వరుసగా దీపాలు, పాటల పెట్టె. దీని మీద ఎక్కువ మాట్లాడను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు నిర్ణయించిన రూపానికి విరుద్ధంగా బండ్లను మార్చరాదని తీర్పు చెప్పిందని వాళ్లకు చెప్పి తప్పించుకున్నాను. చట్టాన్ని అడ్డం పెట్టుకోవడం కొంచెం పిరికితనమే.

ఎందుకంటే అదే చట్టం మరుసటి వాదంలో నాకు ఎదురు నిలిచింది.

మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. తండ్రి పోయిన తరువాత ఈ బండి మీద వాడికి మమకారం పెరిగింది. డబ్బు పంపుతానంటాడు, నేను వద్దంటాను, వాడు పంపుతాడు. వాడి కోరిక ఒక్కటే. "చిన్నాయనా, ఆ డీజిల్ ఇంజను తీసేసి హరికేన్ పెట్టిద్దాం. వింటేజి నంబరు తీసుకుందాం. నాయిన పేరు మీద ర్యాలీకి తీస్కపోదాం." వింటేజి నంబరు అంటే, 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకు ప్రత్యేక నమోదు. రాష్ట్ర సంకేతం తరువాత 'వీఏ' అనే అక్షరాలు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ ప్రయాణాలకు వాడరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకుపోవచ్చు. అంతవరకు మంచిదే. అయితే షరతు ఏమిటంటే, బండి మొదటి రూపంలోనే ఉండాలి. చాసీలో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు.

అంటే మా అన్నయ్య పేరు మీద బండిని గౌరవించాలంటే మా అన్నయ్య చేసిన పనిని అందులోంచి తీసివేయాలన్నమాట!

ఇంతకూ ఆ హరికేన్ ఇంజను ఎక్కడుంది? 1989లోనే అమ్మేశాడు. ఏ కొలిమిలో కరిగిపోయిందో. ఇప్పుడు తెచ్చి పెట్టేది ఇంకొక జీపు గుండె. ఒక ప్రతిలో పోయిన పద్యం స్థానంలో అదే ఛందస్సులో ఉన్న వేరే కవి పద్యం తెచ్చి పెట్టి, ఇదే మూలపాఠమని అచ్చు వేయించడానికీ దానికీ తేడా నాకు కనబడటం లేదు.

ఇంకొక సంగతి. మహీంద్రా వారు తామే 1980లలో తమ జీపుల్లో ప్యూజో డీజిల్ ఇంజన్లు పెట్టడం మొదలుపెట్టారు. 2112 సీసీ ఇంజను అది. మా అన్నయ్య వేయించినది అదే జాతి ఇంజను. అంటే అది లేఖకుడి ప్రమాదం కాదు, దొంగచాటు ప్రక్షిప్తమూ కాదు. రచయిత తరువాతి ముద్రణలో చేసుకున్న సవరణను చదువరి తన పాత ప్రతి అంచున రాసుకున్నట్టు. 1968 నుంచి 1989 దాకా ఇరవై ఒక్క ఏళ్లు అది పెట్రోలు బండి. ఆ తరువాత ఈనాటి దాకా డీజిలు బండి. ఆయుర్దాయంలో పెద్ద సగం రెండోదే. ఏది దాని స్వరూపం?

పడమటి దేశాలవారు ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య, ఫీవా, 2012లో ట్యూరిన్ పత్రం అని ఒక నియమావళిని ఆమోదించింది. కట్టడాల రక్షణకు 1964లో రాసుకున్న వెనీస్ పత్రం దానికి ఆదర్శం. అందులోని ఒక నియమం సారాంశం చెబుతాను. బండి మామూలుగా వాడుకలో ఉన్న కాలంలో జరిగిన మార్పులు దాని చరిత్రకు సాక్ష్యాలు, వాటిని కాపాడాలి, బండిని తప్పనిసరిగా పుట్టిననాటి రూపానికి తీసుకుపోవలసిన పనిలేదు. కోట్లు పలికే బండ్ల వాళ్లకే ఈ వివేకం ఉన్నప్పుడు, పెట్రోలు ధరకు తాళలేక రైతులూ వ్యాపారులూ ఇంజన్లు మార్చుకున్న మన దేశంలో ఎంత ఉండాలి? సంపన్నుల గ్యారేజీలో గుడ్డ కప్పుకొని పడుకున్న బండికే మొదటి రూపం మిగులుతుంది. పనిచేసిన బండికి మిగలదు. మన నిబంధన తెలియకుండానే పని చేయని బండికి పట్టం కడుతున్నది.

నిబంధన రాసినవారి భయం నాకు అర్థం కాకపోలేదు. గేటు తెరిస్తే నిన్న చేసిన డబ్బాలన్నీ వింటేజి బండ్లై కూర్చుంటాయి. దానికి ఉపాయం లేకపోలేదు. మార్పు జరిగి పాతికేళ్లో ముప్పై ఏళ్లో దాటి, ఆ మార్పు ఆనాడే రిజిస్ట్రేషను పుస్తకంలో నమోదై ఉంటే, దాన్ని బండి చరిత్రలో భాగంగా లెక్కించవచ్చు. రుజువు ప్రభుత్వం చేతిలోనే ఉన్నది కదా, వాళ్లు రాసినదే!

ఈ మాటలన్నీ ఫోనులో మా వాడికి చెప్పాను. కొంతసేపు ఏమీ అనలేదు. చివరికి, "నేను పుట్టినప్పుడు పెట్రోలు ఇంజనే ఉండె చిన్నాయనా. దవాఖాన నుంచి నన్ను ఇంటికి తెచ్చింది దాంట్లనే" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నా పాఠం నాది, వాడి పాఠం వాడిది. వాడి మాట కూడా పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాను. ఇంజను మాత్రం మార్చలేదు.

రంగు విషయంలో కూడా చర్చ నడిచింది. సర్కారువారి బూడిదరంగా, అన్నయ్య మొదట వేయించిన పసుపా, ఆఖరి పచ్చరంగా? ఆఖరిదే వేయించాను. ఎడమవైపు పక్కరేకు మీద చదరంగపు గడియంత జాగా మాత్రం రంగు వేయకుండా, మూడు పొరలూ కనబడేట్టు వదిలి పైన వార్నిషు పూయించాను. చూసినవాళ్లు అక్కడ రంగు వేయడం మరిచిపోయారని చెబుతుంటారు.

వెనుక తలుపు రేకు మీద అన్నయ్య రాయించిన అక్షరాలున్నాయి. దుకాణం పేరు, కింద "మేలైన వరి విత్తనమలు". 'మ'కు కొమ్ము లేదు. బతికినంతకాలం నేను ఆయన్ని దాని గురించి వేధించాను. పండితుడి అన్న బండి మీద అచ్చుతప్పా అని. "గింజ మొలుస్తదా లేదా చూస్తరు గని, కొమ్ములు ఎవడు జూస్తడురా" అనేవాడు. అక్షరాలు వెలిసిపోయాయి. ట్రేసింగు కాగితం మీద ఎత్తుకొని, రంగు వేశాక మళ్లీ రాయించాను. రాసే కుర్రవాడు తెలివైనవాడు, పదో తరగతి నా దగ్గరే చదివాడు. కుంచె ఆపి, "సారూ, తప్పున్నది, కొమ్ము పెట్టమంటరా?" అని అడిగాడు. ఎర్రసిరాతో ముప్పై నాలుగేళ్లు దిద్దిన చేయి దాదాపు పైకి లేచింది. ఉన్నదున్నట్టు రాయమన్నాను. వాడు నన్ను చూసిన చూపులో కొంత జాలి కనబడింది.

మొన్న దసరాకు మిర్యాలగూడ తీసుకుపోయాను. వదిన ముందు సీట్లో కూర్చొని కాలువకట్ట దాకా వచ్చింది. దారి పొడుగునా మాట్లాడలేదు. తిరిగి వచ్చి దిగేటప్పుడు, "గేరు ఏసేటప్పుడు ఆయన బండి గిట్ల గుంజకపోయేది. నువ్వు క్లచ్చు సరిగ తొక్కుతలేవు" అన్నది. నిజమే.

ఇక మిగిలినవి చిన్న పనులు. డీజిలు ముల్లు పనిచేయడం లేదు. ఈ బండికి ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. సీటు తీసినప్పుడు దాని పక్కన ఒక వెదురుకర్ర దొరికింది, చాకుతో గీసిన గాట్లు అయిదు. ముల్లు ఎప్పుడో చెడిపోతే అన్నయ్య దానితోనే కొలుచుకునేవాడట. మా వాడు డాలస్ నుంచి కొత్త ముల్లు పంపిస్తానంటున్నాడు. రానీ, బిగిస్తాను. ప్రస్తుతానికి కర్ర ముంచి చూస్తున్నాను. రెండో గాటు దాకా తడిస్తే కోదాడ పోయి రావచ్చు.